టోబిన్‌ని అమ్మాలా, వద్దా?

"రెండో లైన్లో ఎవరో మార్సెల్లా అట. మంచి కోపం మీదుంది. ఇవ్వమంటావా?" స్టూడియో అద్దం అవతలి నుంచి అడిగింది ప్రొడ్యూసర్ గ్వెన్.

"కోపం మీదున్నవాళ్ళనే ఇవ్వు. ఈ వానలో శాంతమూర్తుల్ని ఎవరు వింటారు?" అన్నాడు ఎమెట్ కోల్‌బెక్.

అక్టోబరు వచ్చిందంటే ఈరీ ఊరికి వానే వాన. సరస్సు మీంచి లేచిన మబ్బు ఊరి నెత్తిన కూర్చుందంటే ఓ పట్టాన లేవదు. ఆ వానలో కార్లేసుకుని పనులకు పోయేవాళ్ళందరికీ పొద్దుటిపూట తోడు ఎమెట్ గొంతే. అతని రేడియో ప్రోగ్రాంలో ఫుట్‌బాల్, అదీ చేత్తో బంతి విసిరే అమెరికా ఫుట్‌బాల్, తప్ప మరో మాట ఉండదు. ఊరివాళ్ళ నోట్లోనూ ఉండదు.

ఆ వారం ఊరంతటికీ ఒకటే తగువు. ఊరి జట్టు మెరైనర్స్. వాళ్ళ ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ బ్రాంట్ క్విన్‌లన్ సీజన్ మొదట్లోనే చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అతని బదులు దిగినవాడు టోబిన్ హేల్. ఎనిమిదేళ్ళుగా బెంచీ మీద కూర్చుని, ఉన్నాడన్న సంగతే అందరూ మరిచిపోయిన మనిషి. అలాంటివాడు ఐదు ఆటలు ఆడి నాలుగు గెలిపించాడు. ఇప్పుడు క్విన్‌లన్ కాలు బాగుపడింది. మరి టోబిన్‌ని ఉంచుకోవాలా, గిరాకీ ఉండగానే వేరే జట్టుకు ఇచ్చేయాలా? ఆటగాళ్ళ మార్పిడికి నవంబరు మొదటి మంగళవారం సాయంత్రం నాలుగింటితో గడువు ముగుస్తుంది.

ఇచ్చేయాలన్నది ఎమెట్ వాదన.

"నమస్కారం మార్సెల్లా గారూ, చెప్పండి!"

"చెప్పడానికేం లేదండీ, అడగడానికుంది. నిన్న మీరు టోబిన్ గురించి, పండు తాజాగా ఉన్నప్పుడే అమ్మేయాలి, కుళ్ళాక ఎవడు కొంటాడు అన్నారు. ఆయన మనిషా, ద్రాక్షగుత్తా?"

"ఏదో మాటవరసకి అన్నానండీ..."

"మీరు మాటవరసకి అంటారు. ఊళ్ళో సగంమంది ఆ మాటే పట్టుకుని ఊరేగుతున్నారు."

అద్దం వెనక గ్వెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎమెట్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "సరే, కోపం పక్కనపెట్టి ఆలోచిద్దాం. టోబిన్ కాంట్రాక్టు ఈ సీజన్‌తో సరి. ఆ తర్వాత ఆయన దారి ఆయనది, మనకి దమ్మిడీ రాదు. ఇప్పుడే ఇచ్చేస్తే శాక్రమెంటో జట్టువాళ్ళు, కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తమ రెండో రౌండ్ వంతు మనకిస్తారు. అంటే కాలేజీ నుంచి వచ్చే మంచి కుర్రాడు ఒకడు మన చేతికొస్తాడు. కాదంటారా?"

"క్విన్‌లన్ కాలు మళ్ళీ మెలికపడితే?"

"పడదండీ."

"ఆ కాలు మీకేమైనా మాటిచ్చిందా?"

"బాగుంది! పోనీ టోబిన్‌కి కాంట్రాక్టు పొడిగిద్దాం. జీతాలకి లీగ్ పెట్టిన హద్దొకటి ఉందిగా? బెంచీ మీద కూర్చునేవాడికి అంతంత ఇస్తే మైదానంలో పరిగెత్తేవాడికి ఏం ఇస్తాం?"

"వాన పడలేదని గొడుగుని తిట్టి పారేసేవాళ్ళని చూళ్ళేదు నేను. ఒకసారి కిటికీలోంచి బయటికి చూడండి ఎమెట్ గారూ."

బయట కుండపోతగా పడుతోంది. ఎమెట్ కిటికీ తెర లాగేశాడు.

"పనికి టైమైంది, ఉంటానండీ. రేపు కూడా మీరు తప్పే చెప్తారుగా, రేపు మళ్ళీ చేస్తా," అని ఫోన్ పెట్టేసింది మార్సెల్లా.

చెప్పినట్టే మర్నాడు చేసింది. ఆ మర్నాడూ చేసింది. క్విన్‌లన్ మోజు ఎమెట్ కళ్ళు కప్పేసిందంది. మార్సెల్లా జట్టును నడిపితే మ్యూజియం అయిపోతుందన్నాడు ఎమెట్. రొట్టెల షాపు దగ్గర, పెట్రోలు బంకు దగ్గర జనం రెండుగా చీలిపోయారు. ఎనిమిదవుతోందంటే, ఆమె ఫోన్ వచ్చే వేళని, ఎమెట్ చూపు ఫోన్ దీపాల మీదే ఉండేది.

"రేడియోలో కనిపించం కదయ్యా, ఈ కొత్త చొక్కా ఎవరికోసం?" అంది గ్వెన్.

"చలికి."

"ఓహో, చలికా! గడ్డం గీసుకున్నది కూడా చలికేనా?"

*

తర్వాతి సోమవారం మధ్యాహ్నం ఎమెట్ పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వెళ్ళాడు. ఎప్పుడో వేసవిలో తీసుకున్న అపాయింట్‌మెంట్ అది. ఆసుపత్రి కుర్చీలో వెల్లకిలా పడుకుని, మాస్కు కట్టుకుని పక్కకి వచ్చిన అమ్మాయితో మర్యాదకి, "ఏం వానండీ బాబూ," అన్నాడు.

ఆ అమ్మాయి చెయ్యి గాల్లోనే ఆగింది. ఒక్క క్షణం అతన్ని కిందా మీదా చూసింది.

"నోరు తెరవండి."

తెరిచాడు.

"ఇంకా. రేడియోలో తెరిచినంత."

ఎమెట్ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ గొంతు! లేవబోయాడు. అప్పటికే నోట్లో అద్దం, కొక్కెం, నీళ్ళు పీల్చే గొట్టం.

"ఆ... ఊ... ఎల్లా?"

"అవును, మార్సెల్లానే. కదలకండి, గుచ్చుకుంటుంది. ఇప్పుడు చెప్పండి, టోబిన్‌ని అమ్మకూడదు. అవునా?"

"ఆఁ! ఆఁ ఆఁ!"

"ఒప్పుకున్నారు! అబ్బ, ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని తెలిస్తే రోజూ ఫోన్ ఖర్చెందుకు పెట్టుకుంటాను? కాంట్రాక్టు మూడేళ్ళు పొడిగించాలి. అంతేగా?"

"ఊఁ ఊఁ!"

"నాలుగేళ్ళా? మీది పెద్ద మనసండీ. పుక్కిలించండి."

ఎమెట్ పుక్కిలించి, మూతి తుడుచుకుని లేచి కూర్చున్నాడు. "ఇది పచ్చి అన్యాయం!"

"రోజూ మైకు మీ చేతిలో ఉంటుంది. ఒక్కపూట కొక్కెం నా చేతిలో ఉంటే అన్యాయమైపోయిందా?" అంటూ మాస్కు తీసి నవ్వింది.

వాన పడబోయే ముందు సరస్సు రంగు ఎలా ఉంటుందో ఆ కళ్ళు అలా ఉన్నాయి. ముందు పళ్ళ మధ్య చిన్న సందు. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తూ కూడా దాన్ని మూయించుకోలేదు. మూయించుకోనందుకు ఎమెట్ మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

"శుక్రవారం చేపల వేపుడుకి వస్తారా? రేవు దగ్గర. టోబిన్ గురించి మీరే మాట్లాడండి, నేను నోరు మూసుకుని వింటాను."

"మీరు? నోరు మూసుకుని?" మార్సెల్లా చేతి తొడుగులు విప్పుతూ అంది, "ఆ వింత చూడ్డానికైనా వస్తాను."

*

శుక్రవారం సాయంత్రం రేవు దగ్గరి హోటలు కిటకిటలాడుతోంది. వేడి వేడి పెర్చ్ చేపల వేపుడు, పక్కన బంగాళాదుంపల అట్లు. ఎమెట్ మాట నిలబెట్టుకుని సగం పళ్ళెం దాకా నోరు విప్పలేదు. ఆ పైన ఆగలేకపోయాడు.

"ఒక్కటి అడుగుతా. టోబిన్ మీకేమవుతాడు? మీరు ఆయనతో ప్రేమలో ఉన్నారని మా శ్రోతలంతా తీర్మానించేశారు."

అడిగేసి, చేపలో లేని ముల్లు వెతకసాగాడు.

మార్సెల్లా పగలబడి నవ్వింది. "ప్రేమా? ఆయన ఈ ఊరికొచ్చిన దగ్గర్నుంచీ మా మేడమీద వాటాలో అద్దెకుంటున్నాడండీ! ప్రతి ఏడూ ఏడాది కాంట్రాక్టే. అలాంటి మనిషి ఇల్లు ఎందుకు కొంటాడు?"

తర్వాత నవ్వు తగ్గి, ఫోర్కుతో పళ్ళెంలో గీతలు గీస్తూ చెప్పింది.

"మూడేళ్ళ కిందట అమ్మ పోయింది. నాన్న రైలింజన్ల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాడు, గట్టి మనిషి. ఐనా మంచం దిగడం మానేశాడు. అడిగితే ఊఁ అనడు, ఆఁ అనడు. నేను పనికి పోతే ఇంట్లో ఒక్కడే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఓ మంగళవారం టోబిన్ కిందికొచ్చాడు. మంగళవారం వాళ్ళకి సెలవు. పైన కుళాయి కారుతోందన్నాడు. కారనీ అన్నట్టు చెయ్యి విదిల్చాడు నాన్న. ‘పానా ఇవ్వండి, నేనే బిగిస్తా’ అని, దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు టోబిన్. అంతే! నాన్నకి ఒళ్ళు మండిపోయింది. ‘ఒరేయ్, అది పట్టుకునే పద్ధతేనా?’ అని లేచి మెట్లెక్కాడు. నెల్లాళ్ళలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే."

"ఆహా!"

"అక్కడితో ఆగలేదు. పై మంగళవారం తలుపు గొళ్ళెం ఊడింది. ఆ తర్వాత కిటికీ పట్టేసింది. ఆ పైన స్టవ్ వెలగలేదు. మంగళవారం మంగళవారం ఏదో ఒకటి పాడు! కావాలనే పాడుచేస్తున్నాడని నాకు చాలా రోజులకి తెలిసింది. మా నాన్నని నాకు తిరిగిచ్చాడండీ ఆయన. మీరు రెండో రౌండా, నాలుగో రౌండా అని బేరమాడుతుంటే నాకు కడుపు మండదూ?"

ఎమెట్ చేతిలోని ఫోర్కు పళ్ళెంలో పెట్టేశాడు.

మార్సెల్లా గొంతు తగ్గించింది. "ఇంకోటి ఉంది. ఇది రేడియోకి కాదు."

"రేడియోకి కాదు. చెప్పండి."

"ఈమధ్య సంచులకి సంచులు ఐస్ మోసుకొస్తున్నాడు. భుజం నొప్పనుకుంటా. ఎవరికీ చెప్పడు. కొత్త ఊళ్ళో ఆ భుజం కాస్తా పోతే చూసేదెవరు? ఇక్కడైతే మేమున్నాం. అందుకే నా భయం."

బయటికొచ్చేసరికి వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు, అది ఎమెట్‌ది, అదీ చిన్నది. ఆమెకి కుడిభుజం తడిసింది, అతనికి ఎడమభుజం. కారు దగ్గరికి రాగానే మార్సెల్లా అంది: "ఇంత నిశ్శబ్దంగా ఉంటే నువ్వు బాగానే ఉన్నావు ఎమెట్."

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిందని ఇంటికి పోయేదాకా గమనించలేదు అతను. గమనించాక నిద్ర పట్టలేదు.

*

సోమవారం పొద్దున ప్రోగ్రాం మొదలయ్యేసరికే కంప్యూటర్ తెర మీద వార్త వచ్చేసింది. ఊళ్ళోని ఓ స్పోర్ట్స్ విలేఖరి రాశాడు: టోబిన్ హేల్ భుజం దెబ్బతింది, గుట్టుగా ఐస్ పెట్టుకుంటున్నాడు, ఆయనను బాగా ఎరిగినవాళ్ళే చెప్పారు. గంటలోపే శాక్రమెంటో వాళ్ళు వెనక్కి తగ్గారన్న కబురూ వచ్చింది.

ప్రకటనల విరామంలో ఎమెట్ సెల్ మోగింది.

"శుక్రవారం నీతో అన్న మాట. సోమవారానికి ఊరంతా ఉంది," అంది మార్సెల్లా. కోపం కూడా లేదు ఆ గొంతులో. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"మార్సెల్లా, నేను చెప్పలేదు. ఒట్టు."

"మరి గోడలు చెప్పాయా? ఆ సంగతి నేను ఇంకెవరితో అన్నానని? ఆయన బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎవరూ పలకరించలేదు. ఇప్పుడు భుజం విప్పి బజార్లో పెట్టారు. ఇంక ఫోన్ చెయ్యకు."

పెట్టేసింది. అతను మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

అంతలో స్టేషన్ ఓనరు తలుపు తోసుకుని వచ్చాడు. "ఆ పళ్ళమ్మాయి నీకు బాగా తెలుసటగా. ఇంటి గుట్టు ఏదో నీ దగ్గరుంది. మైకులో చెప్పు. ఇవాళ ఊరంతా మనల్నే వింటుంది."

"నా దగ్గర ఏమున్నా అది చెప్పడానికి కాదు సార్."

"ఉద్యోగం మీద ఆశుందా?"

"ఉంది సార్. చాలా ఉంది. ఐనా చెప్పను."

ఓనరు తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మూడు గంటలూ ఎమెట్ వాతావరణం గురించి, హాకీ గురించి, గుమ్మడికాయల గురించి మాట్లాడాడు. టోబిన్ పేరెత్తలేదు. గ్వెన్ అద్దం వెనక నుంచి అతన్నే చూస్తూ, మొదటిసారి ఒక్క ఎగతాళి మాటా అనలేదు.

*

మంగళవారం పొద్దున, గడువు రోజు, మార్సెల్లా సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. వంటింటి బల్ల దగ్గర నాన్న కాసిమిర్ కాఫీ ముందు కూర్చుని ఉన్నాడు. వెనక తలుపు తోసుకుని టోబిన్ వచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, చేతిలో ఐస్ సంచి.

మార్సెల్లాకి దుఃఖం ఆగలేదు. "టోబిన్, నిజం చెప్పు. భుజం అంత నొప్పిగా ఉందా?"

"ఏ భుజం?" అన్నాడు టోబిన్.

సంచి కింద పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి గిరగిరా తిప్పాడు. అంతా బాగానే ఉంది. తర్వాత మెల్లగా కాసిమిర్ వైపు చూశాడు. కాసిమిర్ కాఫీ కప్పులోకి చూశాడు.

"నాన్నా?"

"ఐస్ నాకేనే," అన్నాడు పెద్దాయన. "మోకాలికి. రెండు నెల్లయింది. రాత్రిళ్ళు నిద్రుండట్లేదు. నేనే టోబిన్ చేత తెప్పిస్తున్నా. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నా."

"ఎందుకు నాన్నా?"

"చెప్తే ఆపరేషన్ అంటావు. మీ అమ్మ చిన్న ఆపరేషనే కదా అని నడుచుకుంటూ వెళ్ళింది. తిరిగొచ్చిందా?"

కాసిమిర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో తప్పూ ఉంది. శనివారం క్షవరానికి వెళ్తే, ‘ఇంటికి అన్ని ఐస్ సంచులెందుకు కాస్?’ అన్నాడు బార్బర్ లూ. నా మోకాలని చెప్తే సాయంత్రానికి నీ చెవిన పడుతుంది. అందుకని, మావాడి భుజానికి అని చెప్పేశా. పక్క కుర్చీలో సబ్బునురగ పూసుకుని కూర్చున్నవాడు పేపరువాడని నాకేం తెలుసు?"

మార్సెల్లా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎమెట్ ‘ఒట్టు’ అన్న మాట చెవుల్లో గింగురుమంది.

"మరి నువ్వెందుకు నోరెత్తలేదు?" అని టోబిన్‌ని అడిగింది.

"భుజం బాగుందని మన జట్టు డాక్టరు చెప్పాడు. అమ్మేవాడు సరుకు బాగాలేదంటాడా? శాక్రమెంటో వాళ్ళు నమ్మలేదు. మరి ఆ ఐస్ ఎవరికోసం అని అడిగారు." టోబిన్ నవ్వాడు. "బాబాయ్‌కి మాటిచ్చానుగా."

"నీకు వెళ్ళాలనుందా టోబిన్?"

ఇన్ని రోజులుగా ఊరంతా కొట్టుకుంటోంది గానీ, ఆ ప్రశ్న అతన్ని అడిగినవాళ్ళు లేరు. ఆమె కూడా అడగలేదు. అతను చాలాసేపు ఐస్ సంచి ముడిని వేళ్ళతో తిప్పాడు.

"నాకు ముప్ఫై ఒకటి, మార్సీ. ఎనిమిదేళ్ళు ఇంకొకళ్ళ ఆట చూశా. ఈ ఐదు ఆటలు ఆడాక తెలిసింది, నాకూ వచ్చని. ఇక్కడ క్విన్‌లన్ ఉండగా నేను మళ్ళీ బెంచీయే. అక్కడైతే ఆడతా. ఈ ఇంటిని వదలాలని మాత్రం లేదు."

నాలుగింటిదాకా నోరు మూసుకుంటే చాలు, టోబిన్ ఇక్కడే ఉంటాడు. పైన అడుగుల చప్పుడు ఉంటుంది. మంగళవారాలు ఉంటాయి. మార్సెల్లా ఆ మాట అనుకోకుండా ఉండలేకపోయింది. అనుకున్నందుకు సిగ్గుపడింది. నాన్న వైపు చూసింది.

కాసిమిర్ అప్పటికే బల్ల పట్టుకుని లేస్తున్నాడు. "నా కోటు తేవే. ఆ రేడియో అబ్బాయి తొమ్మిదింటిదాకా ఉంటాడుగా?"

*

స్టేషన్ తలుపు తీసిన గ్వెన్ తండ్రీకూతుళ్ళను చూసి ఆశ్చర్యపోలేదు. మార్సెల్లాని మాత్రం ఓ పక్కకి లాగింది.

"లోపలికెళ్ళే ముందు ఇది విను. నిన్న ఓనరు ఉద్యోగం తీసేస్తానన్నాడు. నువ్వు చెప్పిందేదో చెప్పమన్నాడు. చెప్పలేదు. మూడు గంటలు గుమ్మడికాయల గురించి మాట్లాడాడమ్మా! పాపం, అతనికి గుమ్మడికాయంటే పడదు కూడా."

మార్సెల్లా అద్దంలోంచి చూసింది. ఎమెట్ కూడా చూశాడు. మధ్యలో అద్దం ఉన్నా ఆ చూపు ఆగలేదు. కానీ మాట్లాడే వ్యవధి లేదు. కాసిమిర్ అప్పటికే మైకు ముందు కూర్చుని దాన్ని వేలితో తడుతున్నాడు.

"ఇది పని చేస్తోందా? ఆఁ. నా పేరు కాసిమిర్ జిలిన్‌స్కీ. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంజన్లు బిగించినవాణ్ణి. టోబిన్ హేల్ మా మేడమీద ఉంటాడు. అతని భుజానికి ఏమీ కాలేదు. ఐస్ నా మోకాలికి. మా అమ్మాయికి తెలుస్తుందని బార్బరు దగ్గర అబద్ధమాడా. శాక్రమెంటో వాళ్ళు వింటుంటే వినండి. కావాలంటే నా మోకాలు చూసుకోండి, గుమ్మడికాయంత ఉంది."

ఎమెట్ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. పెద్దాయన గొంతు మాత్రం మెత్తబడింది.

"నా భార్య పోయాక నేను బతకదలుచుకోలేదు. ఆ అబ్బాయి వచ్చి నాకు పని కల్పించాడు. మంచి కుళాయిలు విప్పి పాడుచేసేవాడు. నాకు తెలీదనుకునేవాడు. కొత్త గొళ్ళెం దానంతటది ఊడుతుందా? తెలిసే బాగుచేశా. ఎవరో నాకోసం అంత తెలివితక్కువ పని చేస్తున్నారంటే, లేచి మెట్లెక్కడం నా ధర్మం అనిపించింది. వాడి మేలు మరిచిపోను. వాణ్ణి ఆడనివ్వండి. అంతే."

తర్వాత మార్సెల్లా మైకు దగ్గరికి వంగింది.

"నేను మార్సెల్లాని. టోబిన్‌ని అమ్మకూడదని రోజూ ఈ ప్రోగ్రాంలో గొంతు చించుకున్నా. అమ్మొద్దనే ఇప్పుడూ అంటా. పంపండి. నవ్వుతూ పంపండి. ఇన్నాళ్ళూ మనకున్నందుకు థాంక్స్ చెప్పి పంపండి."

"ద్రాక్షగుత్తి అన్నందుకు నేనూ టోబిన్‌కి క్షమాపణ చెప్పుకుంటున్నా," అన్నాడు ఎమెట్. ప్రసారం ముగిసి మైకు దగ్గరి ఎర్రదీపం ఆరింది.

నడవాలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"తప్పు నాది. నీ మాట నమ్మాల్సింది," అంది మార్సెల్లా.

"నీ స్థానంలో నేనున్నా నన్ను నమ్మేవాణ్ణి కాదు. రేడియోవాణ్ణి కదా."

"గుమ్మడికాయలా?"

"మూడు గంటలు."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. ఎమెట్ జేబు రుమాలు తీసి ఇచ్చాడు. కాసిమిర్ గోడమీది ఫొటోలను ఎంతో శ్రద్ధగా చూస్తున్నట్టు అటు తిరిగాడు.

*

విలేఖరి మధ్యాహ్నానికి వార్త వెనక్కి తీసుకున్నాడు. శాక్రమెంటో డాక్టర్లు టోబిన్ భుజం ఎక్స్‌రే ఫొటోలు అడిగి తెప్పించుకున్నారు. మూడున్నర దాటాక ఫోన్ వచ్చింది. వాళ్ళు మూడో రౌండ్ వంతు ఇచ్చారు, టోబిన్‌కి మూడేళ్ళ కాంట్రాక్టు రాసిచ్చారు.

"రెండో రౌండ్ అన్నావు. మూడోదే వచ్చింది. ఓడిపోయావు," అంది మార్సెల్లా.

"నువ్వసలు వద్దే వద్దన్నావు. నువ్వింకా ఘోరంగా ఓడిపోయావు."

వాకిట్లో టోబిన్ వంగి పెద్దాయనని కావలించుకున్నాడు. కాసిమిర్ తల అతని ఛాతీ దాకా కూడా రాలేదు. "ఒరేయ్, అక్కడ ఏదైనా పాడైతే చేతులు పెట్టకు. నీకు పానా పట్టుకోవడం ఈ జన్మకి రాదు," అంటున్నాడు పెద్దాయన. టోబిన్ తలూపుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు మోకాలు చూపించుకో బాబాయ్. నా మీద ఒట్టు," అన్నాడు.

ఆ ఒట్టు పనిచేసింది. నవంబరు చివర కాసిమిర్ ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. ఆసుపత్రి వరండాలో మార్సెల్లా ఆ తెల్లతలుపు వైపే చూస్తూ కూర్చుంది. అమ్మని తీసుకెళ్ళింది కూడా అలాంటి తలుపులోకే. ఎమెట్ పక్కనే కూర్చుని, ధైర్యం చెప్పకుండా, కబుర్లు చెప్పకుండా, ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. డాక్టరు వచ్చి, బాగా జరిగిందన్నాక కూడా వదల్లేదు. ఆమె వదలమనలేదు.

*

డిసెంబరులో ఓ ఆదివారం సాయంత్రం. బయట మంచు కిటికీ అంచు దాకా పేరుకుంది. కాసిమిర్ కొత్త మోకాలిని దిండు మీద పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు. శాక్రమెంటో ఆట. ఆట ముగియడానికి రెండు నిమిషాలుంది, టోబిన్ జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది.

సోఫాలో ఎమెట్ మార్సెల్లా వైపు జరిగాడు. వారంగా చెప్పాలనుకుంటున్నాడు. రోజూ ఊరంతటికీ వినపడేలా మాట్లాడే మనిషి, ఒక్కరికి చెప్పాల్సి వచ్చేసరికి సోఫా దిండు అంచు లాగుతూ కూర్చున్నాడు.

"మార్సెల్లా, నాకు... నువ్వంటే... రేడియోలో ఐతే బాగా చెప్పేవాణ్ణి."

"ఇక్కడ చెప్పు. నేనొక్కదాన్నే వింటున్నా."

"నిన్ను ప్రేమిస్తున్నా. నువ్వు ఫోన్ చేసి తిట్టిన మొదటిరోజు నుంచి. పెళ్ళి చేసుకుంటావా?"

మార్సెల్లా అతని మొహంలోకి చూసింది. పళ్ళ మధ్య సందు కనపడేలా నవ్వింది. "చేసుకుంటా."

"ఏమందిరా?" టీవీ మీంచి చూపు తిప్పకుండా అడిగాడు కాసిమిర్.

"సరే అందండీ!"

"మంచిది. మీ అమ్మ ఉంటే పాయసమో ఏదో చేసేది, మార్సీ. దేవుడు చల్లగా చూడాలి మిమ్మల్ని. ఇంక ఒక్క నిమిషం నోళ్ళు ముయ్యండి, వాడు విసరబోతున్నాడు!"

తెరమీద టోబిన్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఇద్దరు మీదికి దూకుతున్నారు. ఒకణ్ణి తప్పించుకున్నాడు, కుడిచెయ్యి వెనక్కి లాగి విసిరాడు. బంతి స్టేడియం దీపాల కిందుగా ఎంతో దూరం పోయింది. గీత అవతల టోబిన్ జట్టువాడొకడు ఎగిరి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆరు పాయింట్లు, జట్టు ముందుకొచ్చేసింది!

కాసిమిర్ అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. మార్సెల్లా, ఎమెట్ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని సోఫాలోనే గెంతారు. టోబిన్ మైదానం మధ్య రెండు చేతులూ ఆకాశానికెత్తి నిలబడ్డాడు. జట్టంతా అతని మీద పడింది.

టీవీలో వ్యాఖ్యాత ఆశ్చర్యం ఆపుకోలేకపోతున్నాడు. "ఏం విసిరాడండీ! ఎనిమిదేళ్ళు! ఈ ఎనిమిదేళ్ళూ ఎక్కడున్నాడండీ ఈ మనిషి?"

కాసిమిర్ కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే, కొత్త మోకాలి సంగతి మరిచి లేచి నిలబడి, టీవీకి వినపడేటంత గట్టిగా చెప్పాడు:

"మా ఇంట్లో!"